కాలం చెల్లిన మాట

కంప్యూటర్లు ఎంత తొందరగా జవాబు చెబుతున్నాయో కొలిచి, ఆ కొలతలు కాగితం మీద పెట్టి ఇవ్వడం నా ఉద్యోగం. నన్నే ఎవరైనా ఏదైనా అడిగితే మాత్రం జవాబు మర్నాటికి గాని తట్టదు. "ఊళ్ళోవాళ్ళ పనితీరు చూసే పని మీకు ఈ జన్మకి తీరదు," అంటుంది మా ఆవిడ. శ్లేష బాగుందని మెచ్చుకుంటే, అది శ్లేష కాదు కోపం అని సవరిస్తుంది.

మా ఆఫీసు నోయిడాలో. ఆ ఏడు మాకు అప్పజెప్పిన ఆసుపత్రి మాత్రం ఢిల్లీకి అటు చివర, ధౌలా కువాన్ దాటి ఇంకా ముందుకెళ్ళాలి. కొత్తగా సమాచార వ్యవస్థ పెట్టుకున్నారు. పేరు నమోదు దగ్గర్నుంచి రక్తపరీక్ష దాకా, మందుల కొట్టు నుంచి బిల్లు దాకా అన్నీ ఒకే తాడు మీద నడుస్తాయి. అది సరిగ్గా నడుస్తోందా, కుంటుతోందా, కుంటితే ఎక్కడ కూలబడుతోందో చూసి చెప్పమన్నారు. వ్యవస్థ అనే మాటని కంగారులో పలికితే అవస్థ అని వినబడుతుంది. ఈ సంగతి రిపోర్టులో రాయలేదు గాని, వెళ్ళిన మొదటి రోజే కనిపెట్టాను.

మావాళ్ళు పైన సర్వర్ గదిలో చల్లగా కూర్చునేవారు. నేను కింద, రోగుల తాలూకు మనుషులు ఎదురుచూసే హాల్లో చోటు చూసుకున్నాను. యంత్రం నెమ్మదిని యంత్రం దగ్గర కాదు, దానికోసం కాచుక్కూర్చున్నవాళ్ళ దగ్గర కొలవాలని మా మేనేజరుకి చెప్పాను. వినడానికి బాగానే ఉంది. అసలు కారణం వేరు. ఆసుపత్రి వాసన తగిలితే నాకు కాలు నిలవదు. నా మనుషులెవరూ లోపల లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది. సర్వర్ గదిలో అటూ ఇటూ తిరిగితే పిచ్చివాడంటారు. హాల్లో తిరిగితే, ఎవరో దగ్గరివాళ్ళని లోపలికి తీసుకెళ్ళారు పాపం అని దారి ఇస్తారు.

ఆ హాలు గోడకి పెద్ద తెర ఒకటి తగిలించి ఉండేది. అందరూ దాన్ని బోర్డు అనేవారు. లోపలికెళ్ళిన ప్రతి రోగికీ ఒక టోకెన్ నంబరు, నంబరు ఎదురుగా ఆ రోగి సంగతి. వెయిటింగ్, ఇన్ ప్రొసీజర్, రికవరీ, షిఫ్టెడ్ టు వార్డ్, ఇలా ఇంగ్లీషులో పడుతుంటాయి. తెర కింద హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఒక విన్నపం: సిబ్బందిని అడగకండి, బోర్డు చూడండి.

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ల వ్యవహారం చూసే మేనేజరు హర్యానా మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నమ్మకం. ఆ బోర్డంటే ఆయనకి కన్నకూతురంత ముద్దు. "సర్ జీ, పహలే లోగ్ పూఛ్ పూఛ్ కే మార్ డాల్తే థే," అన్నాడు నాతో. ఇంతకుముందు జనం అడిగి అడిగి చంపేవాళ్ళట. ఇప్పుడెవరూ అడగడం లేదు, చూడండి ఎంత శాంతిగా ఉందో అన్నాడు. నిజమే, శాంతిగానే ఉంది. హాలంతా తలలెత్తి, పైనేదో విమానం పోతుంటే చూస్తున్నట్టు బోర్డుకేసి చూస్తోంది. తెర ఉంది గాని ఎవరి ముఖంలోనూ తెరిపి లేదు.

ఒకనాటి మధ్యాహ్నం నా వెనక వరసలోంచి తెలుగు వినపడింది.

"నానేటి సెయ్యనే అమ్మా? లోపలికి అట్టుకెల్లిపోనారు. బోర్డు సూస్తన్నాను."

ఢిల్లీలో తెలుగు వినబడితే వెనక్కి తిరగకుండా ఉండటం నాకు చేతకాదు. ముప్పై లోపు వయసున్న అమ్మాయి. వాళ్ళమ్మతో కాబోలు, ఫోను మాట్లాడి పెట్టేసింది. ఒళ్ళో స్టీలు క్యారేజీ, గుప్పిట్లో ముడివేసిన చేతిరుమాలు.

"శ్రీకాకుళం వైపేనా అమ్మా?" అన్నాను.

ఉలిక్కిపడి, వెంటనే ముఖం విప్పారించుకుంది. "మీరు తెలుగోలా అంకుల్?"

అన్నయ్యా అంటుందేమోనని ఒక మూల ఆశ ఉండేది. పొద్దస్తమానం అంకెలతో కుస్తీపట్టేవాణ్ణి అంకుల్ కాక ఏమవుతాను అని సర్దుకున్నాను.

మాటల్లో సంగతి తెలిసింది. భర్త ఆర్మీలో హవల్దారు. ప్రస్తుతం ఎక్కడో మంచుకొండల్లో పోస్టు మీద ఉన్నాడు. ఈ అమ్మాయి అత్తగారితో కలిసి కంటోన్మెంటు క్వార్టర్లో ఉంటోంది. అత్తగారికి నాలుగు రోజులుగా గుండెల్లో పట్టేసినట్టు ఉంటే అక్కడి డాక్టర్లు చూసి, గుండెకి యాంజియోగ్రామ్ తీయించమని ఈ ఆసుపత్రికి రెఫరల్ చీటీ రాసిచ్చారు. ఇందాకే లోపలికి తీసుకెళ్ళారు. రుమాల్లో ఉన్నవి ఆవిడ చెవి కమ్మలూ ముక్కుపుడకా. తీసి పట్టుకోమని నర్సు చేతిలో పెట్టిందట.

"మీవారికి చెప్పారా?"

"నేదంకుల్. అంతా అయినాక సెప్దారని. పైన పోస్టులో ఫోనందదు. కింద సుబేదార్ సాబుకి సెప్తే ఆయన వైర్‌లెస్‌లో సెప్తారు. వైర్‌లెస్‌లో సెప్పాలంటే పెద్ద కబురే అవ్వాల గదా. అత్త లోపలికెల్లింది, అత్త బయటికొచ్చింది అని సెప్పలేం గదా." అని, మళ్ళీ బోర్డు చూసింది. "ఆ నంబరు మాదే. ఇన్ ప్రొసీజర్ అంటే ఇంకా అవుతాందనే గదా?"

అవుతోందనే అన్నాను. ఆ బోర్డు మీద పడే మాటల పట్టిక నాకు నోటికొచ్చు. ఎంత సేపటికి ఏది మారుతుందో కూడా కొలిచిపెట్టుకున్నవాణ్ణి. అంతలో పైనుంచి మావాళ్ళు పిలిస్తే వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి కుర్చీలో లేదు. క్యారేజీ ఒక్కటే ఉంది. అలవాటుకొద్దీ బోర్డు చూశాను. ఆ నంబరు ఎదురుగా ఎర్ర అక్షరాల్లో ఒకే మాట. ఎక్స్‌పైర్డ్.

మన దేశపు ఇంగ్లీషులో ఈ మాటకి ఉన్నన్ని పనులు ఇంకే మాటకీ లేవు. పాలపాకెట్టు ఎక్స్‌పైర్ అవుతుంది, పాస్‌పోర్టు అవుతుంది, దగ్గుమందు అవుతుంది, మనిషీ అవుతాడు. తెలుగు కాస్త మర్యాద తెలిసిన భాష. మందుకి కాలం చెల్లుతుంది, పెద్దవాళ్ళు కాలం చేస్తారు. ఆ ఒక్క క్రియలో అంత తేడా పాటించాం. ఆ ప్రోగ్రాము రాసిన కుర్రాడెవరో గాని అతని లోకంలో చచ్చేవి కాగితాలే, మనుషులు కాదు. కానీ పల్టన్లో, అదే సైన్యంలో, మనిషున్న ఏ ఇంట్లోనైనా ఆ మాటకి ఒకటే అర్థం. టెలిగ్రాముల రోజుల నుంచీ అంతే. మదర్ ఎక్స్‌పైర్డ్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. టెలిగ్రాములు పోయాయి గాని ఆ మాట పోలేదు.

ఇదంతా తర్వాత తీరిగ్గా ఆలోచించింది. అప్పుడు మాత్రం, పట్టికంతా నోటికొచ్చిన నేనే ఆ మాట చూసి నమ్మేశాను. ఆ అమ్మాయి కోసం హాలంతా వెతికాను.

ఆ అమ్మాయి మంచినీళ్ళ యంత్రం పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. "జీ సాబ్... మదర్ ఎక్స్‌పైర్డ్... జీ సాబ్. బోర్డ్ పే లిఖా హై సాబ్." బోర్డు మీద రాసి ఉందని సుబేదార్ సాబుకి చెబుతోంది. మాట్లాడటం అయ్యాక నన్ను చూసింది. ఏడవడం లేదు. రుమాలు ముడి విప్పి కమ్మలు అరచేతిలో వేసుకుంది.

"ఇయ్యి ఇప్పుడు ఆవిడికి పెట్టాలా అంకుల్, వొద్దా? నాకు తెల్దు."

నాకూ తెలీదు. కౌంటరు దగ్గరికి దాదాపు పరిగెత్తాను. సిబ్బందిని అడగకండి అన్న విన్నపం కిందనుంచే పరిగెత్తాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నంబరు కొట్టి, తెర చూసి, నావైపు చిరునవ్వు నవ్వింది.

"అరే అంకుల్, వో తో రెఫరల్ ఎక్స్‌పైర్ హువా హై. చీటీ. ఆంటీజీ ఠీక్ హై, రికవరీ మే హై."

ఆవిడ బాగానే ఉందట. రెఫరల్ చీటీ గడువు ఆ మధ్యాహ్నంతో తీరింది. కొత్తది తెచ్చుకోమని గుర్తుచేయడానికి "రెఫరల్ ఎక్స్‌పైర్డ్" అని పడాలి. బోర్డు మీద గడి ఇరుకైంది. తల తెగి తోక మిగిలింది.

నమ్మమంటే ఆ అమ్మాయి నమ్మలేదు. నర్సుని బతిమాలి రికవరీ గది అద్దంలోంచి చూపించాను. మంచం మీద ఒక ముసలమ్మ కళ్ళు మూసుకుని ఉంది. దుప్పటి కింద కాలి వేళ్ళు కదులుతున్నాయి. అద్దానికి ముక్కు ఆనించి ఆ వేళ్ళనే చూసింది. నవ్వింది, ఏడ్చింది, తన నెత్తి మీద తనే ఒకటి వేసుకుంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మా నాయనో. ఆయనకి కబురెల్లిపోయింది."

పై పోస్టు నుంచి కిందికి ఆ రోజుకి బండి ఒకటే ఉంటుందట. సుబేదార్ సాబు దాన్ని ఆపించి మరీ అతన్ని ఎక్కించేస్తానన్నాడట. మళ్ళీ ఫోను చేసింది. ఆ నంబరు కలవడానికి ఎన్నిసార్లు నొక్కిందో. కలిశాక నాకూ వినబడేలా పెట్టింది.

"హిమ్మత్ రఖో బేటీ," అంది అవతలి గొంతు. ధైర్యంగా ఉండమంటోంది, బరువైన, దయగల గొంతు. "జవాన్ నికల్ చుకా హై."

బయల్దేరిపోయాడు. వాళ్ళ వ్యవస్థ పనితీరు అది. నేను కొలవడానికి తగిన వ్యవస్థ అక్కడెక్కడో కొండమీద ఉంది.

"సాబ్, మదర్ ఎక్స్‌పైర్డ్ నహీ హై."

"క్యా?" అంది అవతలి గొంతు.

"కాగజ్ ఎక్స్‌పైర్డ్ థా సాబ్. మదర్ ఠీక్ హై."

గడువు తీరింది కాగితానికని, అత్త బాగానే ఉందని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన గొంతు అదే మనిషిది, దయ మాత్రం ఎటో పోయింది. తాను పల్టన్లో కొత్త రంగరూటుగా చేరినప్పుడే ఈ ఉపాయం పాతబడిపోయిందన్నాడు. ముందు తల్లి పోతుంది, తర్వాత సెలవు దొరుకుతుంది, సెలవు దొరికాక తల్లి లేచి కూర్చుంటుంది. కానీ ఇంత తొందరగా లేచి కూర్చున్న తల్లిని తన సర్వీసులో చూడలేదన్నాడు. ఆసుపత్రి వాళ్ళది తప్పయితే ఆసుపత్రి వాళ్ళనే రాసివ్వమను, ముద్రతో సహా, బండి కింది క్యాంపు చేరేలోగా పంపు. పంపితే సెలవు కాగితం చింపేస్తాను. పంపకపోతే దొంగ కబురు మీద పోస్టు దిగాడని నేను పైకి రాయక తప్పదు.

ఫోను పెట్టేశాక ఆ అమ్మాయి నా ముఖంలోకి కాదు, నా చొక్కా గుండీలకేసి చూస్తూ మాట్లాడింది.

"పెమోసన్ లిస్టులో ఉన్నారంకుల్. దానికంటే... ఆయన అలాటోడు కాదు. పెల్లికి సెలవడగడానికే సిగ్గుపడినాడంట. అలాటాయన్ని పదిమందిలో సెలవు దొంగని సేసీసినాను."

"నువ్వేం చేయలేదమ్మా. బోర్డు చేసింది."

"బోర్డుని ఎవులూ అడగరు గదా."

నా ఫోను నంబరు ఆమెకిచ్చి ఆసుపత్రి మేనేజరు గదికి వెళ్ళాను. నాకు గొడవపడటం రాదు. గొంతు పెంచాలనుకున్నప్పుడల్లా సన్నబడుతుంది. జరిగింది చెప్పి కాగితం అడిగాను. ఆయన శ్రద్ధగా విని, తెర నావైపు తిప్పాడు.

"సర్ జీ, సిస్టమ్ నే గలత్ క్యా కహా? రెఫరల్ ఎక్స్‌పైర్డ్ థా. ఎక్స్‌పైర్డ్ బోలా. ఔర్ టైమింగ్ దేఖియే!" సిస్టమ్ చెప్పినదాంట్లో తప్పేముందట? గడువు తీరిన మరుక్షణమే బోర్డు మీదికి వచ్చిందట. క్షణం ఆలస్యం లేదు, మీరే కొలుచుకోండి అన్నాడు. కొలిస్తే నిజంగానే పూర్తి మార్కులు వేయాల్సి వచ్చేది. అదే నా బాధ.

రాసివ్వడం మాత్రం కుదరదన్నాడు. బతికున్న రోగిని కొత్త సిస్టమ్ చంపేసిందని రాస్తే రేపు పేపర్లో వస్తుంది. పైవాళ్ళ సంతకం కావాలి, పైవాళ్ళు సోమవారం గాని రారు. కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఎక్కడో కొండ దారిలో ఒక బండి మలుపులు తిరుగుతోంది. అందులో ఒక కొడుకు తల్లి లేదనుకుని కూర్చున్నాడు.

"తప్పు అని రాయొద్దు," అన్నాను చివరికి. "జరిగింది రాయండి చాలు. బోర్డు మీద ఆ మాట పడింది. ఆ మాట చీటీ గురించి. రోగి బతికే ఉంది. ఇందులో ఒక్కటైనా అబద్ధముందా?"

అబద్ధం లేదని ఒప్పుకున్నాడు. దానికో వాక్యం కలుపుదామన్నాడు, "అటెండెంట్ అపార్థం చేసుకున్నందువల్ల" అని. రోగి వెంట వచ్చిన మనిషిని అక్కడ అటెండెంటంటారు. ఆ ఒక్క వాక్యంతో అక్కడ మనిషి మునుగుతాడని నేనన్నాను. పోనీ "బతికే ఉంది" అనేది వైద్య పరిభాష కాదు, "స్టేబుల్" అందామన్నాడు. పల్టన్లో స్టేబుల్ అంటే గుర్రాల్ని కట్టే చోటు, దయచేసి మనిషిని అక్కడ కట్టొద్దన్నాను. ఆయన నవ్వాడు. నా శ్లేష ఒకటి పనికొచ్చిన సందర్భం నా సర్వీసులో అదొక్కటే. సరేనని, ఆసుపత్రి పేరున్న కాగితం మీద అచ్చు తీయడానికి మీట నొక్కాడు.

తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

"ప్రింటర్ సే బాత్ కర్ రహా హై," అన్నాడు మేనేజరు. ప్రింటరుతో మాట్లాడుతోందట. అంత సేపు ఏం మాట్లాడుకుంటాయో. ఆ ఆసుపత్రిలో నేను కొలవకుండా వదిలేసిన ఆలస్యం అదొక్కటే. చేతి గడియారం చూడటానికి ధైర్యం లేక గదిలో పచార్లు చేస్తుంటే ఫోను మోగింది. "అత్త లేసింది అంకుల్. నాకు సెప్పడానికి బయంగుంది. ఓపాలి వస్తారా?"

కాగితం వస్తే పిలవమని చెప్పి కిందికి వెళ్ళాను. అత్తగారు తలగడకి ఆనుకుని కూర్చుని క్యారేజీలోది ఏదో తింటోంది. సన్నటి మనిషి, పదునైన కళ్ళు. మందులతో సరిపోతుంది, భయం లేదని డాక్టరు అప్పటికే చెప్పి వెళ్ళాడు. కోడలు తల వంచుకుని, మాట మింగుతూ మింగుతూ సంగతి చెప్పింది. ఆవిడ తినడం ఆపింది.

"నాను సచ్చిపోనానని మావోడికి సెప్పీసినావా?"

"బోర్డు మీద రాసినారత్తా."

"బోర్డు మీద రాసీస్తే సచ్చిపోతారేటి?" ఒక్క క్షణం ఆగింది. ఆవిడ ముఖంలో ఏదో వెలిగింది. "ఓలి, మొన్న డాబా మీద వడియాలెడతంటే కాకి నా నెత్తి మీద తన్నింది, గేపకముందా? నానేటి సెప్పినాను నీకు?"

ఆవిడ నావైపు తిరిగింది.

"కాకి తంతే మంచిది కాదు గదా బాబూ. మనిషి పోయిందని సొంతోలికి కబురెట్టాల. ఆలు ఓపాలి ఏడిసేస్తే దోసం పోద్ది. నీ మొగుడికి కబురెట్టవే అని సెప్పినాను. ఇదేటందో అడుగండి."

"మిల్ట్రీలో అలాటి కబురెడితే సెలవు దొంగంటారత్తా అన్నాను," అంది కోడలు.

"మరిప్పుడో? నువ్వెట్టనన్నావు. మిసనెట్టింది!" ముసలమ్మ నవ్వు గదంతా వినబడింది. పక్క మంచం రోగి కూడా తిరిగి చూశాడు. నేను మాత్రం ఆ కొత్త వ్యవస్థలో ఏ గడిలో కాకి దూరిందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

కోడలు మాటల్లో సుబేదారు బెదిరింపు విన్నాక ఆవిడ నవ్వు ఆపి చెయ్యి చాపింది. "బేగి ఇటియ్యి ఆ పోను. నాను మాటాడతాను ఆ సాబుతో."

ఆర్మీ క్వార్టర్లలో పట్టుకున్న హిందీ ఆవిడది. ఫోను నోటికి ఎదురుగా అద్దంలా పట్టుకుని అరిచింది. "సాబ్! హమ్ నహీ మరా! కౌవా మారా!"

నేను చావలేదు, కాకి కొట్టింది అని ఆవిడ ఉద్దేశం. మరా అంటే చావడం, మారా అంటే కొట్టడం, దీర్ఘంలో ఉంది ప్రాణమంతా. అవతల సుబేదారు అర్థం కాక, "కౌన్ మరా మాతాజీ? కౌవా?" అన్నాడు. "కౌవా నహీ మరా! కౌవా మారా! హమ్ ఖానా ఖాతా!" అంది ఆవిడ. పోయింది కాకే అనుకున్నాడో, మరేమనుకున్నాడో గాని అవతల నవ్వు ఒకటి తప్పించుకుని బయటికి వచ్చింది. ఆ వెంటనే గొంతు సవరించుకుని కోడలితో అన్నాడు. మాతాజీ గొంతు విన్నాను, సంతోషం. కానీ ఫైల్లో గొంతు పెట్టలేను బేటీ, కాగితం కావాలి. బండి కింది వంతెన దాటిందట.

మెట్లెక్కడం నాకు డాక్టరు వద్దన్న పని. లిఫ్టు కోసం నిలబడలేక మెట్లే ఎక్కాను. చక్రం ఇంకా తిరుగుతోంది. మేనేజరు చొక్కా నలిగి ఉంది. నన్ను చూసి ఏమనుకున్నాడో, సొరుగులోంచి ఆసుపత్రి పేరున్న తెల్ల కాగితం తీసి, కలం మూత విప్పి, చేత్తో రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు బడిపిల్లవాడివిలా గుండ్రంగా ఉన్నాయి. చాలా కాలమైంది సర్ చేత్తో రాసి అన్నాడు. సంతకం చేసి, ముద్ర వేసి, ఊదాడు.

కలానికి మూత పెడుతూ హిందీలోనే అడిగాడు. "సర్ జీ, ఎక్స్‌పైర్డ్ వద్దంటే బోర్డు మీద మరేం పెట్టమంటారు? టెర్మినేటెడ్?"

వద్దన్నాను.

"పాస్డ్?"

అది ఇంకా వద్దన్నాను. కొత్త చీటీ తెండి అని పెట్టమన్నాను. అది మరీ పొడుగు సర్, గడిలో పట్టదు అన్నాడు.

కాగితం ఫొటో తీసి ఆ అమ్మాయికి పంపాను. ఆమె సుబేదారుకి పంపింది. చేరినట్టు గుర్తు పడింది. చూసినట్టు గుర్తు మాత్రం పడలేదు. ఇద్దరం రికవరీ గది బయట నిలబడి ఆ చిన్న గుర్తులకేసి చూస్తున్నాం. ఆమె ఒక గోడకి, నేనొక గోడకి. మధ్యలో నేను నాలుగడుగులు వేసి వస్తున్నాను. నన్ను చూసి ఆమె కూడా నడవడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి, మీరిద్దరూ ఎక్కడైనా కూర్చోండి అంకుల్, నాకు కళ్ళు తిరుగుతున్నాయి అంది.

బయట వెలుగు పచ్చబడే వేళకి ఫోను మోగింది. సుబేదారు. దయ తిరిగొచ్చిన గొంతు. కాగితం చూశాను, పై సాబుకీ చూపించాను, మీ జవాను మీద మచ్చ లేదు బేటీ అన్నాడు. బండి ఇప్పుడే వచ్చింది, మాట్లాడు అని ఫోను ఎవరికో ఇచ్చాడు.

ఆ అమ్మాయి లోపలికెళ్ళి ఫోను అత్తగారి చెవి దగ్గర పెట్టింది. ఆవిడకి చెవి దగ్గర పెట్టుకుని వినే అలవాటు లేదు. స్పీకరు పెట్టించి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. అందువల్ల అందరం విన్నాం.

"అమ్మా," అంది అవతలి గొంతు.

"ఏడిసినావా?"

"ఊఁ."

"గట్టిగా ఏడిసినావా?"

"ఊఁ."

"సాల్లే. దోసం పోయింది. అన్నం తిన్నావా?" తినలేదన్నట్టున్నాడు. తినమని తిట్టింది. తన గుండెకి ఏం కాలేదని, డాక్టరు కుర్రాడు మంచివాడని, క్యారేజీలో ఇడ్లీ రాయిలా ఉందని చెప్పింది. అన్నీ చెప్పాక గొంతు తగ్గించి, కొత్తగా అడిగినట్టు అడిగింది.

"మరైతే ఎప్పటికొస్తావు?"

అవతల గాలి చప్పుడు వినిపించింది.

"రాటం నేదే అమ్మా. కాయితం వొచ్చీసింది గదా. సెలవు కేన్సిలైపోనాది. రేపు పొద్దుట బండికి మల్లీ పైకెల్లిపోవాల."

"ఓహో," అంది ఆవిడ. "అలగా." ఫోను కోడలికి ఇచ్చేసింది. కోడలు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని గోడవైపు తిరిగింది. మధ్యాహ్నమంతా అతను వస్తున్నాడు. తప్పుడు కబురు మీదైతేనేం, వస్తూనే ఉన్నాడు. ఆ సంగతి మా ఇద్దరికీ ఇంతసేపూ తోచనేలేదు.

ముసలమ్మ కమ్మలు తనే పెట్టుకుంది. ఒకటి పెట్టుకున్నాక నావైపు చూసింది.

"ఆ కాయితం మీరే రాయించినారంట గదా బాబూ."

"అవునమ్మా."

రెండో కమ్మ చెవికి పట్టడం లేదు. కాసేపు తంటాలు పడి, చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"బేగి రాయించీసినారు," అంది.